సంజయుని స్థానం: ఘంటసాల గీతాగానం, శ్రవణధర్మం

భగవద్గీత మహాభారతంలోని భీష్మపర్వంలో భాగమని, అందులో 18 అధ్యాయాలు, 700 శ్లోకాలు ఉన్నాయని చెప్పగలిగిన తెలుగువారికంటే, ఘంటసాల వెంకటేశ్వరరావు కంఠంలో ఆ శ్లోకాలు వినిపించగానే గుర్తుపట్టే తెలుగువారే ఎక్కువ అనడంలో అతిశయోక్తి లేదు. ఆ గానం రికార్డయి అర్ధశతాబ్దం గడిచినా దేవాలయ ప్రాంగణాల్లోనూ, తెల్లవారుజామున మైకుల్లోనూ, ముఖ్యంగా మరణం సంభవించిన ఇళ్లముందూ, వైకుంఠ రథాల మీదా అది వినిపిస్తూనే ఉంది. ఒక సినీ నేపథ్య గాయకుని కంఠం ఒక జాతికి ధర్మగ్రంథపు స్వరంగా ఎలా స్థిరపడిందన్నది సంగీతచరిత్రకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. పవిత్రత శ్లోకంలో ఉందా, దానిని పలికే గొంతులో ఉందా, వినే హృదయంలో ఉందా అన్న పాత తాత్త్విక ప్రశ్నే ఇక్కడ కొత్త రూపంలో ఎదురవుతోంది. ఆ ప్రశ్నను ఘంటసాల జీవితంతోనూ, గీత నిర్మాణంతోనూ కలిపి పరిశీలించినప్పుడే ఈ గాయకుని శాశ్వతాకర్షణకు అసలు కారణం బోధపడుతుంది.

ఈ గానంపై శాస్త్రం తరఫున వచ్చే మొదటి ఆక్షేపణ బలమైనదే. అక్షరోచ్చారణ నియమాలను చెప్పే వేదాంగానికి శిక్ష అని పేరు. ఆ శాస్త్రంలో ప్రసిద్ధమైన పాణినీయశిక్ష అధములైన పాఠకులను ఆరు విధాలుగా లెక్కించి, వారిలో మొట్టమొదట పేర్కొన్నది పాటలాగా పాడేవాడినే. వేగంగా చదివేవాడు, తల ఊపుతూ చదివేవాడు, రాసుకున్నది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు బలం లేనివాడు ఆ తరువాతివారు. అయితే శిక్షాశాస్త్రపు ప్రధాన విషయం వేదపాఠం. వేదంలో ఉదాత్తానుదాత్త స్వరాలు, అంటే అక్షరాలను ఎత్తి పలకడం, దించి పలకడం, ముందే నిర్ణయమై ఉంటాయి కాబట్టి అక్కడ గాయకుని స్వేచ్ఛకు చోటు లేదు. గీత స్మృతి, ఇతిహాసంలో అంతర్భాగం. దాని పేరుకే గానం చేయబడినది అని అర్థం. పైగా అదే శిక్ష ఉత్తమ పాఠకుని గుణాలను కూడా ఆరుగా చెప్పి, మాధుర్యం, అక్షరాల స్పష్టత, పదాల విభజన, మంచి స్వరం, తొట్రుపాటు లేని ధైర్యం, లయ అని వాటిని వివరించింది. ఆ ఆరు గుణాలూ ఒకచోట కనిపించే పఠనానికి తెలుగులో ఉదాహరణ చూపవలసివస్తే ఘంటసాల గీతనే చూపవచ్చు.

గీతలో అధికభాగం అనుష్టుప్ ఛందస్సులో ఉంది. అంటే ఎనిమిదేసి అక్షరాల పాదాలు నాలుగు కలిసి, 32 అక్షరాలతో శ్లోకం పూర్తవుతుంది. ఇంత చిన్న పాత్రలో రాగాన్ని ఎక్కువగా పోస్తే అక్షరం మునిగిపోతుంది, తక్కువగా పోస్తే శ్లోకం బడిపిల్లల అప్పగింతలా మిగులుతుంది. ఘంటసాల పాదం చివర ఊపిరిని నిలిపి, సమాసం విరగకుండా, సంధి దగ్గర అర్థం చెదరకుండా శ్లోకాన్ని నడిపిస్తారు. గమకం పదాన్ని అలంకరించడానికి వస్తుందే తప్ప కప్పడానికి రాదు. శ్లోకం ముగిసిన వెంటనే అదే గొంతు పాటను వదిలి మాటలోకి దిగుతుంది, తాత్పర్యాన్ని తేట తెలుగు వచనంలో చదువుతుంది. పాడిన సంస్కృతానికీ పలికిన తెలుగుకూ మధ్య వచ్చే ఆ క్షణంపాటి నిశ్శబ్దంలో శ్రోత శిష్యుడవుతాడు, ఎందుకంటే అప్పటిదాకా నాదంగా అనుభవించినదాన్ని ఇప్పుడు అర్థంగా అందుకోవలసిన బాధ్యత అతనిమీద పడుతుంది. సంస్కృతం రాని గృహిణికి, పొలం పనివాడికి, రిక్షా కార్మికునికి శ్లోకమూ అర్థమూ ఒకే మనిషి నోట, ఒకే చనువుతో చేరడం ఈ రికార్డు చేసిన అసాధారణమైన మేలు.

అయినా ప్రశ్న తీరలేదు. వాక్యపదీయ కర్త భర్తృహరి శబ్దాన్ని రెండు స్థాయుల్లో చూశాడు. అర్థాన్ని ప్రకాశింపజేసే అఖండమైన శబ్దతత్త్వం స్ఫోటం. దానిని మన చెవికి చేర్చేది ధ్వని. ఒకరు త్వరగా పలికినా, మరొకరు నిదానంగా పలికినా ధ్వనిలోనే భేదం వస్తుంది, స్ఫోటంలో భేదం ఉండదని ఆయన సిద్ధాంతం. ఈ దృష్టితో చూస్తే పండితుడు చదివినా, పిల్లవాడు వల్లించినా, ఘంటసాల పాడినా గీత చెప్పేది ఒక్కటే. గొంతు కేవలం వాహకం. ఇది తార్కికంగా కాదనలేని మాటే అయినా, ఒకే శ్లోకం ఒక గొంతులో చెవిని తాకి వెళ్లిపోయి, మరొక గొంతులో కళ్లు చెమ్మగిల్లేలా ఎందుకు చేస్తుందో వివరించడానికి చాలదు. అందుకు వ్యాకరణ దర్శనం నుంచి అలంకారశాస్త్రం వైపు నడవవలసి ఉంటుంది.

భరతుని నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాసిన కాశ్మీర దార్శనికుడు అభినవగుప్తుడు, రసానుభవానికి సహృదయునిలోని వాసన ఆధారమని చెప్పాడు. వాసన అంటే గతానుభవాలు మనస్సులో వదిలివెళ్లిన సూక్ష్మ సంస్కారం. వాసన లేనివానికి ఎంత గొప్ప కావ్యమైనా రసాన్ని ఇవ్వలేదు. ఉన్నవానికి ఒక చిన్న స్పర్శ చాలు. తెలుగు శ్రోత ఘంటసాల గీతను వినేనాటికి అతని మనస్సు ఖాళీ పాత్ర కాదు. ఆ గొంతుతో అతనికి అప్పటికే రెండున్నర దశాబ్దాల సాన్నిహిత్యం ఉంది. ఆ గొంతు అతని ప్రేమను, విరహాన్ని, పరిహాసాన్ని, పశ్చాత్తాపాన్ని, పూజను తనవిగా చేసుకుని పాడింది. అందుచేత గీతాగానంలో శ్రోతను కదిలించేది ఆ రికార్డులోని నాదం ఒక్కటే కాదు; అతనిలో పేరుకుపోయిన పాటలన్నీ శ్లోకం వెనుక శ్రుతిగా నిలుస్తాయి. గాయకుని సినీజీవితం గీతకు అవరోధం కాదనీ, అదే దానికి భూమిక అనీ గ్రహించడానికి ఆ జీవితాన్ని కొంత దగ్గరగా చూడాలి.

ఘంటసాల 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూర్యనారాయణ మృదంగం వాయిస్తూ, నారాయణతీర్థుల కృష్ణలీలాతరంగిణిలోని తరంగాలను పాడుతూ భజనలు చేసేవారు. తరంగం అంటే కృష్ణకథను గానానికీ నృత్యానికీ అనువుగా కూర్చిన సంస్కృత గేయం. తండ్రి పాడుతుంటే ఆయన భుజాలపై ఎక్కి ఆ పిల్లవాడు ఆడేవాడు. అంటే కృష్ణుని మాట సంస్కృతంలో ఉన్నా అది పల్లెటూరి రాత్రిలో, ఆబాలగోపాలం మధ్య పాడుకోదగినదే అన్న సంస్కారం ఘంటసాలకు అక్షరాభ్యాసంతోపాటే అబ్బింది. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న ఆయన, సంగీతం నేర్చుకోవాలన్న తండ్రి కోరికను మనస్సులో పెట్టుకుని విజయనగరం చేరారు. అక్కడి మహారాజావారి సంగీత కళాశాలలో చదువుతూ, పట్రాయని సీతారామశాస్త్రి వద్ద గాత్రం అభ్యసించారు. పూట గడవడానికి జోలె పట్టి ఇంటింటా మధుకరం ఎత్తారు. మధుకరం అంటే తుమ్మెద. పువ్వుకు భారం కాకుండా కొద్దికొద్దిగా తేనె సేకరించినట్లు, ఏ ఒక్క ఇంటిపైనా భారం వేయకుండా విద్యార్థి అన్నం యాచించే సంప్రదాయానికి ఆ పేరు వచ్చింది. ఎవరి ముంగిట నిలబడినా ఇది నాది అనడానికి వీల్లేని ఆ యాచన, అహంకారాన్ని కరిగించే సాధన కూడా. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని ఆయన జైలు జీవితాన్ని కూడా చవిచూశారు.

తరువాత సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరి, 1945లో వచ్చిన స్వర్గసీమతో సినీగానంలో అడుగుపెట్టారు. పాతాళభైరవి, మాయాబజార్, లవకుశ వంటి చిత్రాలకు సంగీత దర్శకత్వం వహించారు. దేవదాసులో మద్యంలో దుఃఖాన్ని ముంచుకుంటున్న ప్రేమికునికి గొంతునిచ్చిన ఆయనే, లవకుశలో శ్రీరాముని శోకానికీ గొంతునిచ్చారు. 1960లో వచ్చిన శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యంలో స్వయంగా తెరపై కనిపించి, స్వామి సన్నిధిలో గానం చేశారు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆయనను ఆస్థాన విద్వాంసునిగా గౌరవించింది. 1970లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ప్రదానం చేసింది. ఈ గౌరవాల జాబితాకంటే ఆలోచించవలసినది ఆయన వృత్తి స్వభావం. నేపథ్య గానం అంటే తెర వెనుక నిలిచి, తెరపై కదిలే మరొకరి పెదవులకు గొంతును అప్పగించడం. గానం గాయకునిది, రూపం నటునిది, సుఖదుఃఖాలు పాత్రవి. ప్రేక్షకుడు కన్నీరు పెట్టుకున్నప్పుడు అతని కళ్లముందు గాయకుడు ఉండడు. కర్మ చేస్తూ కర్తృత్వాన్ని, అంటే చేసేది నేనే అన్న భావాన్ని, వదులుకోవాలని గీత చెప్పే యోగానికి ఇంత దగ్గరగా ఉండే లౌకిక వృత్తులు అరుదు. ఈ వృత్తిలో ఉన్నవారందరూ ఆ యోగాన్ని సాధించారని చెప్పలేము గాని, మధుకరంతో మొదలైన ఒక జీవితం ఆ వృత్తిలోని వైరాగ్యాన్ని తన గానలక్షణంగా మార్చుకుందని ఆ పాటలే చెబుతాయి.

మద్యపాన గీతాలు పాడిన గొంతుతో గీతను పాడడం తగునా అన్న రెండవ ఆక్షేపణకు సమాధానం ఇక్కడే దొరుకుతుంది. గీత పవిత్రస్థలంలో, శుచిగా కూర్చున్న మునికి ఉపదేశింపబడినది కాదు. రెండు సేనల నడుమ, విల్లు జారిపోతుండగా, ఒళ్లు వణుకుతూ రథంలో కూలబడిన మనిషికి చెప్పినది. లోకపు దుఃఖం తెలియని గొంతు ఆ సందర్భాన్ని మోయలేదు. దేవదాసు దుఃఖం మోహం నుంచి పుట్టినది, అర్జునుని విషాదమూ మోహం నుంచే పుట్టినది. మొదటిది వినాశం వైపు నడిచింది, రెండవది ప్రశ్నగా మారి జ్ఞానం వైపు తిరిగింది. ఆ రెండు దారులూ తెలిసిన కంఠమే రెండవదారి విలువను నమ్మికగా చెప్పగలదు.

తెలుగు పద్యానికి ఆయన చేసిన సేవలోనూ ఈ నిగ్రహమే కనిపిస్తుంది. రంగస్థలంపై పద్యం చివర సుదీర్ఘంగా రాగం తీయడం, ప్రేక్షకులు వన్స్ మోర్ అంటే మళ్లీ పాడడం ఒక తరానికి ప్రియమైన సంప్రదాయం. అందులో గాయకుని ప్రతిభ ప్రకాశించేది కాని, కవి చెప్పిన మాట తరచు వెనుకబడేది. ఘంటసాల రాగాన్ని భావానికి సరిపడినంతకే పరిమితం చేసి, యతి వద్ద విరుపును, ప్రాస వద్ద నాదాన్ని గుర్తించి, పద్యాన్ని అర్థమయ్యేలా పాడడం సామాన్యునికి అలవాటు చేశారు. జంధ్యాల పాపయ్యశాస్త్రి, అంటే కరుణశ్రీ, రచించిన పుష్పవిలాపం ఇందుకు మంచి ఉదాహరణ. పూజకోసం పూలు కోయడానికి వెళ్లిన భక్తునితో ఆ పూలే మాట్లాడి తమ ప్రాణం తీయవద్దని వేడుకునే ఖండకావ్యమది. దేవునికి అర్పించడానికైనా ఒక జీవాన్ని తుంచవచ్చునా అన్న ధర్మసందేహాన్ని ఆ పద్యాలు లేవనెత్తుతాయి. ఘంటసాల వాటిని పాడిన తీరులో ఎక్కడా నిందాస్వరం లేదు. పూల పక్షాన నిలిచిన గొంతు భక్తుని మీదకు కరకుగా వెళ్లదు, కేవలం బాధపడుతుంది. తర్కంతో తేలని అహింసా ప్రశ్న ఆ బాధతో వినేవాని గుండెలో నాటుకుంటుంది. ధర్మవిచారాన్ని కరుణరసం ద్వారా సామాన్యునికి చేర్చడం ఆయనకు గీతకు ముందే తెలిసిన విద్య.

గీతాగానం ఆయన జీవితపు చివరి ఘట్టానికి చెందినది. గుండెజబ్బుతో ఆస్పత్రి పాలై కోలుకున్న తరువాత, చాలాకాలంగా మనస్సులో ఉన్న ఆ సంకల్పాన్ని ఆయన నెరవేర్చుకున్నారు. గీతలోని 700 శ్లోకాల నుంచి నూటికి కాస్త పైగా ఎంచుకుని, తానే స్వరపరచి, తానే పాడి, తాత్పర్యాన్ని కూడా తానే చదివారు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్లకే ఆయన మరణించారు. దేహం జీర్ణవస్త్రం వంటిదని చెప్పే శ్లోకాన్ని, మరణం నీడ తనమీద పడి ఉండగా ఆయన పాడినప్పుడు, అందులో భయమూ లేదు, భయాన్ని జయించానన్న ఆడంబరమూ లేదు. అభినవగుప్తుడు శాంతాన్ని తొమ్మిదవ రసంగా సమర్థించి, మిగిలిన రసాలన్నీ చివరకు అందులోనే విశ్రమిస్తాయని భావించాడు. శాంతం అంటే భావశూన్యత కాదు, భావాలన్నీ అనుభవించిన మనస్సు తత్త్వజ్ఞానంలో నిలకడ చెందడం. జీవితమంతా కరుణరసాన్ని పండించిన గొంతు ఇక్కడ శాంతంలోకి చేరుతుంది; అయితే కరుణ తడి పూర్తిగా ఆరిపోదు. ఆ తడి వల్లనే ఉపదేశం ఓదార్పుగా కూడా వినిపిస్తుంది.

ఈ గానానికి గీతాసంప్రదాయంలో ఏ స్థానం చెందుతుందన్నది నిర్ణయించవలసిన అసలు విషయం. గాయకుడు శ్రీకృష్ణుని గొంతుగా మారాడని అభిమానంతో చాలామంది అనుకుంటారు. గీత నిర్మాణాన్ని గమనిస్తే మరొకటి తోస్తుంది. గీతలో కృష్ణుడు మనతో నేరుగా మాట్లాడడు. ఆయన అర్జునునితో అన్న మాటలను సంజయుడు విని, ధృతరాష్ట్రునికి చెబుతాడు. కృష్ణుని మాటా, అర్జునుని మాటా మనకు సంజయుని నోటనే అందుతాయి. సంజయుడు ఉపదేశకుడు కాదు, ఉపదేశం పొందవలసినవాడూ కాదు. విన్నదాన్ని వన్నె తగ్గకుండా, తన పేరు ముందుకు తెచ్చుకోకుండా చేరవేసిన మహాశ్రోత అతడు. ఆ సంవాదాన్ని తలచుకున్న కొద్దీ తనకు మళ్లీమళ్లీ హర్షం కలుగుతోందని గీత చివర చెప్పుకునేది కూడా అతడే. ఘంటసాల కృష్ణునికి ఒక గొంతు, అర్జునునికి మరో గొంతు పెట్టి నటించలేదు; అన్ని ఉవాచలనూ ఒకే కంఠంతో, ఒకే వినయంతో పలికారు. ఆయన నిలిచినది సంజయుని స్థానంలో. అందువల్లనే ఆ గానంలో గురుపీఠపు దూరం లేదు, తనకు దొరికినదాన్ని తోటివారికి పంచుకునే ఆప్యాయత ఉంది.

ఇదే దృష్టితో చూస్తే, మరణగృహాల్లో గీతను వినిపించే తెలుగువారి ఆచారం కూడా కొత్త అర్థాన్ని పొందుతుంది. ఈ ఆచారం బలపడినకొద్దీ, ఆ గానం వినిపించగానే ఎవరు పోయారని అడగడం, శుభవేళల్లో దానిని ఇంట్లో పెట్టడానికి జంకడం కూడా పెరిగాయి. జీవించడానికీ, కర్తవ్యం చేయడానికీ చెప్పిన గ్రంథాన్ని చావుకు గుర్తుగా మార్చారని పెద్దలు బాధపడడంలో న్యాయం ఉంది. అయితే భీష్మపర్వపు కథాక్రమం మరొక సత్యాన్ని కూడా చూపుతుంది. యుద్ధం పదవనాడు భీష్ముడు నేలకూలిన తరువాత సంజయుడు రణరంగం నుంచి హస్తినాపురికి వచ్చి ముందు ఆ వార్తనే చెబుతాడు. ధృతరాష్ట్రుడు విలపించి, జరిగినదంతా మొదటినుంచి వివరంగా చెప్పమని అడిగినప్పుడు, ఆ కథనంలో భాగంగా గీత వస్తుంది. అంటే కురుక్షేత్రంలో గీత కర్తవ్యబోధగా పుట్టినా, దాని పునఃకథనం జరిగినది మరణవార్త చేరిన ఇంట్లోనే. తెలుగువారు తెలిసి చేసినా తెలియక చేసినా, దుఃఖగృహంలో సంజయుని గొంతును వినిపించడం గీత స్వభావానికి విరుద్ధం కాదు.

కాని ఆ ఇంట్లో గీతను విన్న ధృతరాష్ట్రునికి ఏమి జరిగిందన్నది కూడా అంతే ముఖ్యం. ఆయన 18 అధ్యాయాలూ విన్నాడు, కాని సంధికి పూనుకోలేదు, పుత్రమోహం వదలలేదు. యుద్ధం మరో ఎనిమిది రోజులు సాగి ఆయన పక్షాన పోరాడుతున్న కుమారులందరినీ తీసుకుపోయింది. అవే మాటలను అర్జునుడు విని, సందేహం తీరిందని చెప్పి, చేయవలసిన పనికి లేచాడు. శబ్దం ఒకటే, శ్రోతలు ఇద్దరు, ఫలితాలు రెండు. ఉపనిషత్తులు శ్రవణం తరువాత మననాన్ని, మననం తరువాత నిదిధ్యాసనను, అంటే విన్నదాన్ని ఎడతెగక ధ్యానించి తనదిగా చేసుకోవడాన్ని, చెప్పింది ఇందుకే. శవం లేచేవరకూ గీతను మోగించి, పన్నెండురోజులు గడిచాక దానిని మళ్లీ చావు వచ్చేదాకా దాచిపెట్టడం ధృతరాష్ట్రుని వినికిడే అవుతుంది.

కాబట్టి మొదట వేసిన ప్రశ్నకు సమాధానం మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోవడంలో లేదు. శ్లోకం సత్యాన్ని పట్టి ఉంచుతుంది, గొంతు దానిని చనువుతో గుమ్మందాకా తెస్తుంది, లోపలికి పిలవడం మాత్రం వినేవాని వంతు. తరంగాలు పాడే తండ్రి భుజాల మీద ఆడిన పిల్లవాడు, ఇంటింటా నిలబడి అన్నం అడిగిన విద్యార్థి, ఎందరి పెదవులకో తన గొంతును ఇచ్చిన గాయకుడు, చివరికి కోట్లాది ఇళ్ల గుమ్మాల ముందు ఆ గొంతుతోనే నిలిచాడు. ఉపదేశమంతా చెప్పిన తరువాత శ్రీకృష్ణుడు అర్జునుని అడిగింది, నీవు ఏకాగ్రచిత్తంతో విన్నావా, నీ మోహం తొలగిందా అనే. సంజయుడు తన పని పూర్తిచేశాడు. ఆ ప్రశ్నకు బదులు చెప్పవలసినవారు ఇప్పుడు వింటున్నవారే.